లేత ముంజ లాంటి క్యాప్సూల్ చేసి, పారే ద్రవంలో అది ఎలా వంగుతుందో చూడటం ఎలా

మే నెలలో మా కోనసీమలో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా తాటి ముంజలు కొట్టి అమ్ముతుంటారు. ఈసారి కొన్నప్పుడు గబుక్కున నోట్లో వేసుకోకుండా, ఒక లేత ముంజ తొక్క తీసి అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. లోపల నీళ్ళు, చుట్టూ జెల్లీ లాంటి పలుచని గోడ. నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది, వేలు తీస్తే తన ఆకారానికి వచ్చేస్తుంది, మరీ నొక్కితే చొక్కా మీదకి చిమ్ముతుంది. అదే ముదురు ముంజైతే గోడ మందం, నీళ్ళు తక్కువ, వేలికి లొంగదు. ద్రవాల గురించి పరిశోధించేవాళ్ళు సాఫ్ట్ క్యాప్సూల్ అని పిలిచేది దాదాపు ఈ లేత ముంజ లాంటిదాన్నే: లోపల ద్రవం, చుట్టూ సాగే పొర, బయట ఇంకో ద్రవం. మనం వేలితో నొక్కుతాం, వాళ్ళు పారే ద్రవంతో నొక్కిస్తారు, అంతే.

నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినంతసేపూ తలలు ఊపుతారు గానీ, ఒక రంగు బొట్టు పైపులో వెళ్తూ వెళ్తూ గొడుగులా ముడుచుకోవడం కళ్ళారా చూసిన రోజున వేసే ప్రశ్నలే వేరు. అందుకే ఇంట్లో, వంటింటి గట్టు మీద, పెద్ద ఖర్చు లేకుండా ఇది చేసే పద్ధతి రాస్తున్నాను. రెండు రోజులు పడుతుంది, ఎక్కువ భాగం నానబెట్టి ఎదురుచూడటమే.

ఒక మాట ముందే. క్యాప్సూల్‌ను తెలుగులో గుళిక అనొచ్చు, కానీ మన వైపు గుళికలంటే వరి చేలో చల్లే పురుగుమందు అనుకుంటారు. ఆ గుళికలకూ దీనికీ సంబంధం లేదు, వాటిని ఈ పని చేసే చోటికి రానివ్వకండి కూడా. అందుకే ఇక్కడ క్యాప్సూల్ అనే అంటాను.

ముందు సరుకు

సోడియం ఆల్జినేట్ పది గ్రాములు చాలు. ఇది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే పొడి, పళ్ళ డాక్టర్లు అచ్చు తీసే పేస్టులో ఉండేది ఇదే. మన చిన్న ఊళ్ళలో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. కాల్షియం క్లోరైడ్, అర లీటరు గ్లిజరిన్ రాజమండ్రిలోనో కాకినాడలోనో కాలేజీ ల్యాబులకు సరుకు అమ్మే షాపులో దొరుకుతాయి. మందుల షాపులో చిన్న సీసాలు కొంటే గ్లిజరిన్ ఖర్చు తడిసి మోపెడవుతుంది. మందుల షాపులో తీసుకోవాల్సింది యాభై మిల్లీలీటర్ల సిరంజి, అదీ సూది పెట్టే సన్న మూతి ఉన్నది వద్దు, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఎక్కించడానికి వాడే లావు మూతి రకం అడగండి. ఒక డ్రాపర్. తాపీమేస్త్రీలు నీటి మట్టం చూసుకునే పారదర్శక లెవెల్ పైపు, లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లది, ఒక మీటరు. గ్రాములో పదో వంతు తూచే చిన్న కాటా. స్లో మోషన్ వీడియో తీసే ఫోన్, సెకనుకు 240 ఫ్రేములు వస్తే మంచిది. ఆహారంలో వాడే రంగు, కొంచెం మెత్తగా నూరిన బొగ్గు పొడి.

ఇక నీళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను మొదటిసారి దెబ్బతిన్నది ఇక్కడే. మా బోరు నీళ్ళతో ఆల్జినేట్ కలిపాను. సముద్రం దగ్గరి ఊరు, నీళ్ళలో ఉప్పూ, సున్నం లాంటి ఖనిజాలూ ఎక్కువ. మిక్సీ తిప్పి ఆపేసరికి అడుగున ముద్దలు ముద్దలుగా, విరిగిన పాలలా తయారైంది. పొడి మంచిది కాదేమోనని ఇంకో పాకెట్ తెప్పించి మళ్ళీ అదే పని చేశాను, మళ్ళీ అంతే. తప్పు పొడిది కాదని అప్పటికి గానీ తట్టలేదు. ఆల్జినేట్ గొలుసులను కాల్షియం ఒకదానితో ఒకటి ముడివేస్తుంది, అలా జెల్లీ అవుతుంది, మనకు కావాల్సిన గుణం అదే. కానీ ఆ ముడి మనం చెప్పినప్పుడు పడాలి, నీళ్ళు పోసిన వెంటనే కాదు. కాబట్టి ఆర్ఓ నీళ్ళు గానీ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. సున్నం, ముగ్గురాయి పొడి అంటిన చేతులతో, గిన్నెలతో ముట్టుకోకండి.

రాత్రి: ఆల్జినేట్ నీళ్ళు కలిపి పెట్టడం

200 మిల్లీలీటర్ల ఆర్ఓ నీళ్ళకు ఒక గ్రాము ఆల్జినేట్. పొడిని ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండ కట్టేస్తుంది, మిక్సీ తిరుగుతుండగా చిటికెడు చిటికెడుగా చల్లండి. చివర్లో చిటికెడు బొగ్గు పొడి కూడా వేయండి, ఆ నలుసులు రేపు పొరలో ఇరుక్కుని మనకు గుర్తులుగా పనికొస్తాయి. మిక్సీ తిప్పాక ద్రవం నిండా సన్న బుడగలుంటాయి. మూత పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేస్తే అవే పైకి వచ్చి పోతాయి. తొందరపడి అప్పుడే వాడితే పొరలో బుడగ పడిన ప్రతి చోటా అది బలహీనమై, పైపులో నొక్కుడు పడగానే అక్కడే చిరుగుతుంది.

పొద్దున: క్యాప్సూల్స్ చేయడం

లోపలికి వెళ్ళే ద్రవం: 50 మిల్లీలీటర్ల నీళ్ళు, 50 మిల్లీలీటర్ల గ్లిజరిన్, 2 గ్రాముల కాల్షియం క్లోరైడ్, కొంచెం ఎర్ర రంగు. కాల్షియం క్లోరైడ్ నీళ్ళలో కరిగేటప్పుడు వేడెక్కుతుంది, కంగారు పడకండి, చల్లారాక గ్లిజరిన్ కలపండి. గ్లిజరిన్ ఎందుకంటే బొట్టు బరువెక్కి ఆల్జినేట్ నీళ్ళలో మునగాలి. ఉత్త నీళ్ళ బొట్టైతే పైనే తేలి అప్పచ్చిలా చదునుగా అయిపోతుంది.

ఫ్రిజ్‌లోంచి ఆల్జినేట్ తీసి వెడల్పు గిన్నెలో పోసి, గది వేడికి వచ్చాక, బెత్తెడు ఎత్తు నుంచి డ్రాపర్‌తో ఒక్కో బొట్టు వేయండి. ఎత్తు మరీ తక్కువైతే బొట్టుకు తోక వస్తుంది, ఎక్కువైతే తగలగానే చితుకుతుంది. ఇరవై ముప్పై బొట్లు పాడైతే గానీ చెయ్యి కుదరదు, మా పిల్లల్లో ముగ్గులు పెట్టే అలవాటున్న వాళ్ళకు తొందరగా వచ్చేసింది. బొట్టు ఆల్జినేట్‌ను తాకిన క్షణం నుంచే లోపలి కాల్షియం బయటికి వస్తూ చుట్టూ పొర కడుతుంది. ఒకదానికొకటి అంటుకోకుండా గిన్నెను మెల్లగా తిప్పుతూ ఉండండి. మామూలు డ్రాపర్ బొట్టు దాదాపు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే 4.5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గోళం.

ఈ ప్రయోగానికంతటికీ కీలకం ఇప్పుడు మీరు పెట్టే టైమే. కొన్నిటిని 30 సెకన్లకు తీయండి, కొన్నిటిని 2 నిమిషాలకు, కొన్నిటిని 8 నిమిషాలకు. కాల్షియం తాను కట్టిన పొరలోంచే ఊరి బయటికి రావాలి కాబట్టి పొర మందం పెరిగేకొద్దీ పెరిగే వేగం తగ్గుతుంది, సుమారుగా నాలుగు రెట్ల సేపు ఉంచితే మందం రెట్టింపవుతుంది. అంటే మూడు గిన్నెల్లో మీకు లేత ముంజ, నడిమి ముంజ, ముదురు ముంజ తయారైనట్టు. చిల్లుల గరిటెతో తీసి రెండు గిన్నెల ఆర్ఓ నీళ్ళలో కడిగి, ఏ గిన్నె ఏదో మర్చిపోకుండా చీటీ అంటించండి.

పోల్చి చూడటానికి గట్టి పూసలు కూడా కొన్ని కావాలి. ఇక్కడ తిరగేయండి: ఆల్జినేట్‌ను డ్రాపర్‌లోకి తీసుకుని కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో బొట్లు వేసి గంటసేపు వదిలేయండి. ఇప్పుడు కాల్షియం బయటి నుంచి లోపలికి వెళ్ళి మధ్య దాకా గడ్డకట్టిస్తుంది, లోపల ద్రవం మిగలదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, వేళ్ళ మధ్య పెడితే తేడా తెలిసిపోతుంది.

మాగాయ ఊట సంగతి

క్యాప్సూల్స్‌ను నేరుగా చిక్కటి గ్లిజరిన్‌లో వేశారో, కళ్ళ ముందే ఎండుద్రాక్షలా ముడుచుకుపోతాయి. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగడం చూశారుగా, అదే ఇక్కడా. బయట గ్లిజరిన్ ఎక్కువ ఉంటే లోపలి నీరు పొరలోంచి బయటికి వచ్చేస్తుంది, గ్లిజరిన్ లోపలికి వెళ్ళేది నెమ్మదిగా. కాబట్టి మెట్లు మెట్లుగా వెళ్ళండి: సగం గ్లిజరిన్ సగం నీళ్ళలో రెండు గంటలు, మూడొంతులు గ్లిజరిన్‌లో ఇంకో రెండు మూడు గంటలు, ఆ తరవాత మీరు పైపులో వాడబోయే గ్లిజరిన్‌లోనే రాత్రంతా. పొద్దున్నకు లోపలా బయటా దాదాపు ఒకే ద్రవం అవుతుంది, దాంతో సాంద్రత కూడా సరిపోయి క్యాప్సూల్ మునగకుండా, తేలకుండా మధ్యలో నిలబడుతుంది. ఈ ఓపిక పట్టకపోతే పైపులో క్యాప్సూల్ అడుగుకో పైకో అతుక్కుని ఈడుస్తూ వెళ్తుంది, చూడాల్సింది ఏదీ కనపడదు.

గ్లిజరిన్ సీసా మూత తీసి పెట్టకండి. గాల్లోని తేమను పీల్చుకుంటుంది, మన వానాకాలంలో అయితే మరీను, తేమ పట్టినకొద్దీ పలచబడుతుంది. వేడికీ అంతే: స్వచ్ఛమైన గ్లిజరిన్ 20 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో సగం కూడా 30 డిగ్రీల దగ్గర ఉండదు. అందుకే పుస్తకంలో ఉన్న అంకె మీద ఆధారపడకుండా మీరే కొలుచుకోండి. సెలైన్ సీసా వేలాడదీసినట్టు గ్లిజరిన్ సీసాను ఎత్తులో పెట్టి, అదే పైపులోంచి కిందికి వదిలి, నిమిషంలో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో చూడండి. ఇంటర్‌లో చదివిన పాయిజే సూత్రం గుర్తుందా, సెకనుకు పారే ఘనపరిమాణం ఒత్తిడికీ వ్యాసార్ధం నాలుగో ఘాతానికీ అనులోమం, చిక్కదనానికీ పొడవుకూ విలోమం. ఎత్తు, పొడవు, వ్యాసార్ధం మీకు తెలుసు, మిగిలింది చిక్కదనమే. వ్యాసార్ధం మాత్రం జాగ్రత్తగా కొలవండి, అందులో చిన్న పొరపాటు నాలుగు రెట్లై జవాబులో కూర్చుంటుంది.

పైపులో పారించడం

పైపును అర మీటరుకు కోయండి. గుండ్రటి పైపు భూతద్దంలా పనిచేసి లోపలున్నదాన్ని అడ్డంగా లావు చేసి చూపిస్తుంది, కాబట్టి ఒక చదును గోడల పారదర్శక స్వీటు డబ్బాకు రెండు వైపులా కన్నాలు చేసి, పైపును అందులోంచి దూర్చి, సందులు ఎమ్‌సీల్‌తో మూసి, డబ్బాలో కూడా గ్లిజరిన్ పోయండి. ఇలా చేయగానే పైపు గోడలు దాదాపు కనపడకుండా పోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇదే పెద్ద ముచ్చటేసింది.

సిరంజిని స్టూలు అంచుకు నిలువుగా కట్టి, మూతి కిందికి, పైపు దానికి తగిలించాలి. క్యాప్సూల్‌ను సిరంజిలో వేయకండి, మూతి దగ్గర ఇరుక్కుని చిరుగుతుంది. పైపును గ్లిజరిన్‌తో నింపి, సిరంజి నుంచి విడదీసి, ఆ చివర్లోనే క్యాప్సూల్‌ను జారవిడిచి, బుడగ పడకుండా మళ్ళీ తగిలించండి. పిస్టన్‌ను చేత్తో నొక్కితే వేగం ఒకలా ఉండదు, పైన నీళ్ళ సీసా కట్టండి. లీటరు సీసా, రెండు లీటర్ల సీసా, ఇలా బరువు మార్చి వేగం మార్చుకోవచ్చు. వెలుతురు విషయంలో ఒక చిక్కుంది: ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల్లో చాలా వరకు కరెంటుతో పాటు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు గానీ స్లో మోషన్‌లో వీడియో అంతా దడదడలాడుతుంది. పొద్దుటి వెలుతురులో కిటికీ పక్కన గానీ, బ్యాటరీ టార్చి పెట్టి గానీ తీయండి.

ఇప్పుడు వదలండి. తక్కువ బరువుతో వెళ్ళేటప్పుడు క్యాప్సూల్ గుండ్రంగానే, పైపు మధ్యలో పెద్దమనిషిలా వెళ్ళిపోతుంది. బరువు పెంచితే ముందు భాగం కాస్త మొనతేలుతుంది, వెనక భాగం చదునవుతుంది. ఇంకా పెంచి, 30 సెకన్ల లేత రకం వేస్తే, వెనక భాగం లోపలికి గుంట పడి మొత్తం ఆకారం విచ్చిన గొడుగులా, పారాచూట్‌లా అవుతుంది. 8 నిమిషాల ముదురు రకం అదే బరువుకు ఏమీ పట్టనట్టు వెళ్తుంది. గట్టి పూస సరేసరి.

ఎందుకు అలా? పంట కాలువలో గుర్రపుడెక్క కొట్టుకుపోవడం చూడండి. నడి కాలువలోది గబగబా వెళ్తుంది, గట్టు పక్కది నెమ్మదిగా ఈడుస్తుంది. పైపులోనూ అంతే, గోడ దగ్గర ద్రవం కదలదు, సరిగ్గా మధ్యలో సగటు వేగానికి రెట్టింపు ఉంటుంది. క్యాప్సూల్ వెడల్పు ఈ రెండింటి మధ్యా పరుచుకుని ఉంది. మధ్యలో ద్రవం వెనక నుంచి నెడుతుంది, అంచులను గోడ పక్క ద్రవం వెనక్కి లాగుతుంది. గట్టి వస్తువైతే రెండూ సర్దుకుని ఏదో ఒక వేగంతో వెళ్తుంది. పొర మెత్తనైతే ఆ తేడాకు తగ్గట్టు వంగుతుంది, పొర ఎంత సాగితే అంత. బలం పోగానే, అంటే సీసా ఎత్తేయగానే, మళ్ళీ గోళమే. పైపులో నూనె బొట్టును పంపినా ఇలాగే వంగుతుంది గానీ ఒక తేడా ఉంది: నూనె బొట్టును పట్టి ఉంచేది తలతన్యత మాత్రమే, దాని ఉపరితలం ఎటుపడితే అటు జారిపోగలదు. క్యాప్సూల్ పొర బట్ట లాంటిది, ఏ పోగు ఏ పోగు పక్కన ఉండాలో దానికి గుర్తుంటుంది, మెలి తిప్పితే ఎదురు తిరుగుతుంది.

ఇంకోటి చూడండి. క్యాప్సూల్‌ను కావాలని గోడ పక్కగా జారవిడవండి. లేత రకం వెళ్తూ వెళ్తూ నడిమధ్యకు జరుగుతుంది. ఇలా జరగడానికి అది వంగగలగడమే కారణం, ఇంత చిక్కటి ద్రవంలో నెమ్మదిగా వెళ్ళే గట్టి గోళం అలా జరగదు, ఏ దారిలో వేస్తే ఆ దారినే వెళ్తుంది. వేగం పెరిగి జడత్వం లెక్కలోకి వస్తే గట్టి గోళాలు కూడా జరుగుతాయి, కానీ మధ్యకు కాదు: పైపు నడిమి నుంచి గోడ వైపు వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు దూరాన వలయంలా చేరతాయని సెగ్రే, సిల్బర్‌బర్గ్ 1961లో చూపించారు.

ఈ రెండు విషయాలూ మీ ఒంట్లో ఇప్పుడు జరుగుతున్నాయి. ఎర్ర రక్తకణం వ్యాసం 8 మైక్రాన్ల దగ్గర, అది దూరి వెళ్ళాల్సిన సన్నటి రక్తకేశనాళికలు కొన్ని 5 మైక్రాన్లే. గింజ లేని కేంద్రకరహిత సంచి కాబట్టి పారాచూట్‌లా వంగి దూరిపోతుంది, దాదాపు 120 రోజుల జీవితంలో ఎన్ని లక్షలసార్లో. కణాలు మధ్యకు జరగడం వల్ల గోడ పక్కన ఉత్త ప్లాస్మా పొర మిగిలి, నూనె రాసినట్టు పనిచేస్తుంది. 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నటి గొట్టాల్లో రక్తం పెద్ద గొట్టాల్లో కంటే పలచగా ఉన్నట్టు పారుతుందని ఫారియస్, లిండ్‌క్విస్ట్ 1931లో గమనించిన దానికి మూలం ఇదే. సికిల్ సెల్ జబ్బులో, మలేరియాలో కణం బిరుసెక్కి వంగలేకపోవడమే సన్న నాళాల్లో అడ్డుపడటానికి ఒక పెద్ద కారణం. మా క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీల దాకా అందరూ ఒక్కసారి మళ్ళీ పైపు వైపు చూశారు.

జాడీలో తిప్పి చూడటం

పైపులో పొర ఏం చేస్తోందో సరిగా తెలియదు, ఆకారమే తెలుస్తుంది. పొర కదలిక చూడాలంటే రెండు గోడల మధ్య ద్రవాన్ని జార్చాలి. లోపల 8 సెంటీమీటర్ల వెడల్పున్న చదును అడుగు గాజు జాడీ, దాని మధ్యలో 6 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ పైపు ముక్క, కింద మూత వేసి. పైపు అడుగుకు ఒక వేలెడు పైన ఉండాలి. పైపు నడిమికి బోల్టు బిగించి బ్యాటరీ స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. మధ్యలో సెంటీమీటరు సందులో గ్లిజరిన్, అందులో క్యాప్సూల్. జాడీని రెండు ఇటుకల మీద పెట్టి కింద అద్దం వాలుగా ఆనిస్తే అడుగు నుంచి కనిపించేది ఫోన్‌లో పడుతుంది.

స్క్రూడ్రైవర్ నిమిషానికి 180 సార్లు తిరిగితే పైపు ఉపరితలం సెకనుకు 56 సెంటీమీటర్లు పోతుంది. సందు సెంటీమీటరు, అంటే ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి జారే రేటు, దాన్నే షియర్ రేటు అంటారు, సెకనుకు సుమారు 56. నీళ్ళతో ఈ పని చేయకండి, సుడులు పుట్టి అంతా కలిసిపోతుంది. గ్లిజరిన్ చిక్కదనం వాటిని రానివ్వదు.

వీడియోను ఆపి ఆపి చూడండి. క్యాప్సూల్ కోడిగుడ్డు ఆకారానికి సాగి, ప్రవాహానికి ఏటవాలుగా ఒకే కోణంలో నిలబడి ఉంటుంది. తిరగడం లేదేమో అనిపిస్తుంది. ఇప్పుడు మొన్న రాత్రి వేసిన బొగ్గు నలుసుల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఒక్కో ఫ్రేము ముందుకు జరపండి. నలుసు పై అంచున ముందుకు పోయి, మొన దగ్గర మలుపు తిరిగి, కింది అంచున వెనక్కి వచ్చి, మళ్ళీ పైకెక్కుతుంది. ఆకారం నిలకడగానే ఉంది, పొర మాత్రం దాని చుట్టూ గిరగిరా తిరుగుతోంది, తడి చేలోకి దిగే చైన్ హార్వెస్టర్ గొలుసు చక్రాల చుట్టూ తిరిగినట్టు. పొర లాగుతుంటే లోపలి ద్రవం కూడా తిరుగుతుంది. ఈ కదలికను ఇంగ్లీషులో యుద్ధ ట్యాంకు గొలుసు నడకతోనే పోల్చి ట్యాంక్ ట్రెడింగ్ అంటారు. గట్టి పూస ఇవేమీ చేయదు, బంతిలా మొత్తంగా దొర్లుతుంది. ఈ ఒక్క నలుసు వీడియో చూపించలేకపోతే మిగతా ప్రయోగమంతా చేసినా చేయనట్టేనని నా అభిప్రాయం, దీనికోసం ఎంత టైం పట్టినా పెట్టండి.

కొంచెం లెక్క

వీడియోలో క్యాప్సూల్ పొడవు, వెడల్పు కొలవండి. పొడవులోంచి వెడల్పు తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది వికృతి అంకె. గోళానికి సున్నా, సాగినకొద్దీ పెరుగుతుంది. 1934లో జి.ఐ. టేలర్ నూనె బొట్లను ఇలాగే కొలిచారు, ఇప్పటికీ దాన్నే వాడతారు.

రెండో అంకె: ద్రవం లాగే బలానికీ పొర ఎదిరించే బలానికీ నిష్పత్తి. చిక్కదనం, షియర్ రేటు, క్యాప్సూల్ వ్యాసార్ధం గుణించి, పొర దృఢతతో భాగించాలి. క్యాపిలరీ సంఖ్య అంటారు, బొట్ల శాస్త్రం నుంచి వచ్చిన పేరు. పొర దృఢత మనకు తెలియదు కదా అంటారేమో, దాన్నే కనిపెడదాం. గుండ్రటి క్యాప్సూల్ కొద్దిగా మాత్రమే సాగినప్పుడు వికృతి అంకె క్యాపిలరీ సంఖ్యకు 25/12 రెట్లు ఉంటుందని, అంటే రెట్టింపు కంటే కాస్త ఎక్కువని, ఫ్రాన్స్ శాస్త్రవేత్త దొమినిక్ బార్తెస్-బీజెల్ 1980 నుంచి కట్టుకుంటూ వచ్చిన సిద్ధాంతం చెబుతుంది, రబ్బరు లాంటి పొరకు.

ఉదాహరణకు మీ గ్లిజరిన్ చిక్కదనం 0.4 పాస్కల్ సెకన్లు, షియర్ రేటు 56, వ్యాసార్ధం 2.25 మిల్లీమీటర్లు అనుకోండి. మూడూ గుణిస్తే మీటరుకు 0.05 న్యూటన్లు. వీడియోలో పొడవు 5.4, వెడల్పు 3.8 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే వికృతి 0.17. దాన్ని 25/12తో భాగిస్తే క్యాపిలరీ సంఖ్య 0.083. 0.05ను దీనితో భాగిస్తే పొర దృఢత మీటరుకు 0.6 న్యూటన్లు. చేత్తో ముట్టుకోకుండా, పారే ద్రవంతోనే ఒక పలుచని పొర బలాన్ని తూచేశారు. ఇదే పని మూడు రకాలకూ చేసి, టైముతో పాటు దృఢత ఎలా పెరిగిందో గ్రాఫు గీయండి. ఒకే రోజు చేసిన వాటినే పోల్చాలి, లోపల మిగిలిన కాల్షియం రోజులు గడిచేకొద్దీ పొరను బిగిస్తూనే ఉంటుంది. వికృతి 0.2 దాటితే ఈ సూత్రాన్ని నమ్మకండి.

ముడతలు, చిరుగులు

లేత రకంలో పొర మీద సన్నటి గీతలు కనిపిస్తే కెమెరా తప్పనుకోకండి. కాగిన పాలు చల్లారాక మీద కట్టిన మీగడను గరిటెతో ఒక పక్కకు తోస్తే ముడతలు పడతాయే, అవే ఇవి. పొర ఒక దిక్కున సాగుతూ ఇంకో దిక్కున నొక్కుడు పడుతుంది, పలుచని పొర నొక్కుడును భరించలేక మడత పడుతుంది. ఇంకా గట్టిగా తిప్పితే ఎక్కడో చిరిగి ఎర్ర రంగు దారంలా బయటికి సాగుతుంది. ఏ వేగం దగ్గర చిరిగిందో రాసుకోండి, అదీ ఒక కొలతే.

చేపపిల్లల హేచరీల్లో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. కట్ల, రోహు గుడ్లు ఫలదీకరణ అయ్యాక నీళ్ళు పీల్చి ఉబ్బి, పలుచని పొరలో నీళ్ళు నిండిన క్యాప్సూల్స్ అవుతాయి. గుండ్రటి తొట్టెలో నీటిని తిప్పుతూ వాటిని మునగకుండా ఉంచుతారు. ప్రవాహం తగ్గితే అడుగున పేరుకుని చస్తాయి, ఎక్కువైతే పొర దెబ్బతింటుంది. వాల్వు మీద చెయ్యి పెట్టి గుడ్ల కదలిక చూస్తూ వాళ్ళు చేసే సర్దుబాటు, మనం ఇప్పుడు అంకెల్లో రాసిందే. దగ్గర్లో హేచరీ ఉంటే సీజన్‌లో ఒక పూట వెళ్ళి ఆ తొట్టె పక్కన నిలబడి చూడండి.

అయిపోయాక గ్లిజరిన్ పారబోయకండి, సన్న గుడ్డలో వడకట్టి సీసాలో పోసి మూత గట్టిగా బిగించి, మీద తారీఖూ కొలిచిన చిక్కదనమూ రాయండి, వచ్చేసారి మళ్ళీ కొలిచే వాడండి. గచ్చు మీద ఒలికితే వెంటనే సబ్బు నీళ్ళతో కడగండి, కాలు పెడితే జర్రున జారుతుంది. మిగిలిన ఆల్జినేట్‌ను మాత్రం సింకులో పోయొద్దు, బోరు నీళ్ళు తగలగానే పైపులోనే గడ్డకడుతుంది. పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో పోసేయండి.